నూనె తగ్గించడం వేరు, తిండికి భయపడటం వేరు

మా పిన్ని వాళ్ళది శ్రీకాకుళం. కిందటేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆవిడ కూతురు, నాకు చెల్లెలు, డిగ్రీ రెండో ఏడు, మూడు రోజులూ వంటింట్లోంచి బయటికి రాలేదు. అరిసెల పాకం తనే పట్టింది, జంతికలు తనే వత్తింది, మా పిల్లలకి చోడిపిండితో, అంటే రాగిపిండితో, కేకు చేసింది, అందరికీ కొసరి కొసరి వడ్డించింది. తను మాత్రం ఒక చిన్న గిన్నెలో ఉడికించిన కాలీఫ్లవర్ తురుము వేసుకుని, దాన్ని చిన్న కాటా మీద తూచుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని తింది. మా అమ్మమ్మ చూసి "ఏటే గుంటా, ఇలగ సిక్కిపోనావు, అన్నం తినవేటి?" అంటే, "తింటన్నాను కదా అమ్మమ్మా, ఇదీ అన్నమే" అంది. రాత్రి పక్కన పడుకుని, ఫోన్లో దాచుకున్న వంటల వీడియోలు ఒక్కొక్కటీ నాకు చూపించింది. ఎంత పైకి తోసినా అవి అయిపోవడం లేదు. వాటి గురించి చెబుతున్నంతసేపూ తన మొహం వెలిగిపోతోంది. తిండి మీద ఇంత ధ్యాస ఉన్న పిల్ల తిండి ఎందుకు తినడం లేదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఆ ధ్యాసే ఆకలి అని తర్వాత తెలిసింది.

ముందే ఒక మాట చెప్పాలి. కేలరీలు తగ్గించి వండుకోవడం మీద నాకేమీ పేచీ లేదు. మా ఇంట్లో ఇద్దరికి షుగరు, ఒకరికి బీపీ. నేను కూడా రెండో కాన్పు తర్వాత బరువు తగ్గుదామని, ఇక్కడ విజయనగరంలో తెలిసినవాళ్ళు చేర్పిస్తే ఒక వాట్సాప్ గ్రూపులో ఏడాది పైగా ఉన్నాను, అక్కడ నేర్చుకున్న కొన్ని వంటలు ఇప్పటికీ చేస్తాను. అవసరమైనవాళ్ళు డాక్టరు చెప్పిన ప్రకారం బరువు తగ్గితే మోకాళ్ళకీ గుండెకీ మంచిదే. చిక్కు ఎక్కడుందంటే, కాస్త నూనె తగ్గించి గుత్తివంకాయ వండుకునే మనిషీ, నూనె చుక్క చూస్తేనే చెమటలు పట్టే మనిషీ ఒకే గ్రూపులో ఉంటారు, ఒకే వంటకం ఫొటో పెడతారు, ఇద్దరికీ ఒకేలా చప్పట్లు పడతాయి. పళ్ళెం చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

అందుకని ముందు పళ్ళెం సంగతి తేల్చుకుని, తర్వాత మనిషి దగ్గరికి వద్దాం.

బదులు వంటల్లో ఏది నిజం, ఏది పేరుకే

అన్నానికి బదులు కాలీఫ్లవర్, చక్కెరకు బదులు బెల్లం, వేపుడుకు బదులు ఎయిర్ ఫ్రయ్యర్, వీటన్నిటినీ నేను బదులు వంటలు అంటాను. లెక్క చాలా చిన్నది. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలు, గ్రాము మాంసకృత్తుల్లో 4, గ్రాము కొవ్వులో 9. కాబట్టి మన వంటింట్లో నిజంగా తేడా వచ్చేది నూనె దగ్గరే. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అయిపోతుందనుకోండి, తలకు లీటరు పడుతుంది. లీటరు నూనె 910 గ్రాముల దగ్గర తూగుతుంది, అంటే 8,000 పైచిలుకు కేలరీలు, రోజుకు మనిషికి 270. నాలుగు లీటర్లను మూడుకి దించితే రోజుకు తలా 65, 70 కేలరీలు తగ్గుతాయి. ఎవరి నోరూ కట్టక్కర్లేదు, పోపు రుచిలో తేడా కూడా పెద్దగా తెలియదు. డబ్బా వంచి పోయడం మానేసి చెంచాతో కొలిచి వేస్తే చాలు. నేను గ్రూపులో నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

అలాగని సున్నాకి దించకూడదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. తోటకూరలోనూ మునగాకులోనూ ఉన్న కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా పక్కన కాస్త నూనె ఉండాలి. మన ఆవ పెట్టిన కూరల్లో, నూపొడిలో పడే ఆ నువ్వులూ ఆవాలూ ఊరికే రుచికోసం వచ్చినవని నేను అనుకోను. ఇక స్ప్రే నూనె డబ్బా మీద సున్నా కేలరీలు అని రాసి ఉంటే నమ్మేయకండి. అమెరికాలో ఒక వడ్డనకు 5 కేలరీల లోపు ఉంటే సున్నా అని రాసుకోవచ్చు, అందుకని వడ్డనను పావు సెకను చిమ్మడంగా చూపిస్తారు. లోపల ఉన్నది నూనే, గ్రాముకు 9 కేలరీలే.

చోళ్ళ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన జిల్లాల్లో అందరూ పొరపడుతున్నది ఇక్కడే. మిగతా చోట్ల రాగులు అంటారు, మనం చోళ్ళు అంటాం. ఇప్పుడు గ్రూపుల్లో చోడిపిండి అంటే బరువు తగ్గించే మందు అన్నట్టు చెబుతున్నారు, చోడి దోశ, చోడి లడ్డు, చోడి బ్రౌనీ, ఎన్ని తిన్నా ఫరవాలేదన్నట్టు. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూస్తే 100 గ్రాముల చోళ్ళలో 320 కేలరీల దాకా ఉంటాయి, పాలిష్ పట్టిన బియ్యంలో 350 పైన. తేడా ఇంచుమించు పదో వంతే. కానీ కాల్షియం చూడండి, చోళ్ళలో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటే బియ్యంలో 10 కూడా ఉండదు. పీచు చోళ్ళలో 11 గ్రాములు, బియ్యంలో 3 లోపు. అంటే చోళ్ళు మనకు చేసే మేలు ఎముకలకీ, పేగులకీ. కేలరీల కోసం చూసుకుంటే అది ఇంచుమించు అన్నమే.

మరి అంబలి తాగితే సన్నబడతారంటారే? గ్లాసు అంబలిలో పడేది రెండు మూడు చెంచాల పిండి, మిగతా అంతా నీళ్ళూ మజ్జిగా. తగ్గించేది ఆ నీళ్ళు. మా తాతయ్య పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళేవాడు, నిజమే, కానీ దాంతో పాటు చద్దన్నం, ఉల్లిపాయ, మధ్యాహ్నానికి కూరతో కుండెడు అన్నం ఉండేవి. అందులోంచి అంబలి గ్లాసు ఒక్కటే పైకి తీసి, మన పూర్వీకులు దీంతోనే బతికారు అని పొద్దున అదే, మధ్యాహ్నం అదే, రాత్రి అదే తాగమని చెప్పేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్ళు అలా బతకలేదు. అలా బతకాల్సి వచ్చిన ఏళ్ళను వాళ్ళు కరువు అన్నారు.

బెల్లం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను: చక్కెర 100 గ్రాముల్లో దాదాపు 400 కేలరీలు, బెల్లంలో 350 పైన. బెల్లంతో చేసిన పాకుండ కూడా పాకుండే. తియ్యదనం ఇచ్చే బిళ్ళలూ చుక్కలూ బరువు తగ్గడం కోసం వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా ముందే షుగరు ఉన్నవాళ్ళకి వర్తించదు, వాళ్ళ లెక్క డాక్టరు దగ్గర చూసుకోవాలి.

ఇక కాలీఫ్లవర్. 100 గ్రాముల వండిన అన్నంలో 130 కేలరీలుంటే కాలీఫ్లవర్‌లో పాతికే. తగ్గించే విషయంలో ఇంతకన్నా పెద్ద బదులు లేదు. సగం అన్నం, సగం కూర, పక్కన ముద్దపప్పో గుడ్డో పెట్టుకుంటే బాగానే ఉంటుంది. కానీ అన్నం మొత్తం తీసేసి, పప్పు తీసేసి, నూనె తీసేసి ఆ తురుమొక్కటే మిగిల్చితే పొట్ట నిండుతుంది, మనిషి నిండడు. గంటకల్లా ఒంట్లో ఏదో వెలితి, చేతుల్లో వణుకు. అప్పుడు గ్రూపులో అడిగితే నీళ్ళు తాగమంటారు.

ఉద్దానం వైపు ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కంచిలి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. గ్రూపుల్లో అమ్మే ప్రోటీన్ పొడులు, అన్నం మానేసి మాంసమూ గుడ్లే తినమనే పద్ధతులు కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి భారం. ఉప్పు తగ్గించడానికని బదులు వాడే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియం క్లోరైడ్, కిడ్నీ సరిగ్గా పనిచేయని ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆ జబ్బు మొదట్లో బయటికి తెలియదు కూడా. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా ఇలాంటివి మొదలుపెట్టొద్దు.

ఆకలిగా ఉన్న మనిషి ఏం చేస్తాడు

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరు నుంచి 1945 దాకా, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టనన్న 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు తమంతట తాము ముందుకొచ్చారు. యూరప్‌లో కరువు బారిన పడ్డవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరు నెలల పాటు వాళ్ళ తిండిని ఇంచుమించు సగానికి తగ్గించారు, రోజుకు సగటున 1,570 కేలరీలు, వారానికి 35 కిలోమీటర్ల నడక. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది.

బరువు పోవడం వింత కాదు. వాళ్ళ ప్రవర్తన ఎలా మారిందన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు. అంతకుముందు వంట గురించి ఆలోచించనైనా ఆలోచించని కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, రాత్రుళ్ళు వాటిని చదువుకున్నారు. ఉన్న కొద్ది తిండిలో నీళ్ళు కలిపి ఎక్కువ చేసుకున్నారు, ముక్కలు ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు, వింత వింతగా కలుపుకున్నారు, కాఫీ మీద కాఫీ తాగారు, చూయింగ్ గమ్ నమిలారు. స్నేహితులతో మాట్లాడటం తగ్గించారు, చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు. కొందరు తట్టుకోలేక దొంగతనంగా తిని, తర్వాత తమని తాము అసహ్యించుకున్నారు. ప్రయోగం అయిపోయి కడుపునిండా తిండి పెట్టాక కూడా చాలామందికి ఆ తిండి ధ్యాస నెలల తరబడి పోలేదు.

వీళ్ళెవరికీ సన్నబడాలన్న కోరిక లేదు, అద్దంలో చూసుకుని ఏడ్చినవాళ్ళు కారు. తిండి తక్కువైంది, అంతే. మెదడు తిండిని వెతకడం మొదలుపెట్టింది. ఇది చదివిన రాత్రి నాకు మా చెల్లెలి ఫోను గుర్తొచ్చింది. ఆ వీడియోలన్నీ, పులుసులో నీళ్ళు ఎక్కువ పోసుకోవడం, అందరికీ వండి పెట్టి తను తినకపోవడం, చిన్న గిన్నె, చిన్న చెంచా, గంటసేపు తినడం. అంతా ఎనభై ఏళ్ళ కిందట అక్కడ రాసి పెట్టి ఉంది.

తక్కువ కేలరీల వంటల గ్రూపులో ఇవన్నీ చిట్కాల పేరుతో తిరుగుతాయి.

మన దేశంలో లెక్క ఏమిటంటే, 55 కిలోల మనిషి అనుకుని, కూర్చుని చేసే పనులుండే ఆడవాళ్ళకు రోజుకు 1,660 కేలరీలు, ఒక మోస్తరు కష్టం చేసేవాళ్ళకు 2,130 కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో అంచనా కట్టింది. ఇది సగటు, ఒక్కొక్కరికీ మారుతుంది. జూట్ మిల్లులో నిలబడి పనిచేసే ఆవిడకీ, జీడి ఫ్యాక్టరీలో కూర్చుని పప్పు ఒలిచే ఆవిడకీ, ఎదిగే పదిహేడేళ్ళ పిల్లకీ, పాలిచ్చే తల్లికీ ఒకటే అంకె ఎలా సరిపోతుంది? మా గ్రూపులో అందరికీ ఒకటే అంకె ఇచ్చారు. అది ఇక్కడ రాయను. చదివినవాళ్ళలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుంటారు.

గ్రూపు ఎందుకు జారిపోతుంది

గ్రూపులో చేరేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నేను అక్కడ మంచి స్నేహితుల్ని సంపాదించుకున్నాను. కాన్పు తర్వాత ఇంట్లో నా ఒంటి గురించి నాతో మర్యాదగా మాట్లాడింది వాళ్ళే. అందుకే బయటికి రావడం కష్టమైంది కూడా.

కానీ అక్కడ జరిగేది గమనించండి. పొద్దున బరువు చూసే మిషను ఫొటో, రాత్రికి పళ్ళెం ఫొటో. బరువు తగ్గినవాళ్ళకి చప్పట్లు, తగ్గనివాళ్ళకి మౌనం. ఇంకా తక్కువ తిన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ చప్పట్లు. ఒకావిడ "రాత్రి ఆకలికి నిద్ర పట్టలేదు" అని పెడితే "సూపర్ అక్కా, కొవ్వు కరుగుతోందన్నమాట" అని పదిమంది రాశారు. ఇంకొకమ్మాయి నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదని అడిగింది, ఒంట్లో చెడు పోతోంది, భయపడొద్దని గ్రూపు నడిపే మనిషి సమాధానం చెప్పింది. ఆవిడ డాక్టరూ కాదు, పోషకాహారం చదువుకున్నదీ కాదు, పొడి డబ్బాలు అమ్ముతుంది. నెలసరి ఆగడం అంటే ఒంటికి ఖర్చు పెట్టడానికి శక్తి సరిపోక, పిల్లల్ని కనే ఏర్పాటును మెదడు తాత్కాలికంగా మూసేయడం. ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎముకలు పలచబడతాయి. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి, దాని మీద ఇది. డాక్టరు దగ్గర జబ్బు లక్షణం అనిపించుకునేది గ్రూపులో విజయం అనిపించుకుంటోంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. ఇంకోటి కూడా ఉంది. కోలుకున్నవాళ్ళు గ్రూపులోంచి వెళ్ళిపోతారు, బాగా జబ్బుపడ్డవాళ్ళు వెళ్ళిపోతారు, మిగిలేది ఇప్పుడిప్పుడే బరువు తగ్గుతూ ఉత్సాహంగా ఉన్నవాళ్ళు. కొత్తగా చేరిన పిల్లకి కనిపించేది వాళ్ళొక్కళ్ళే.

ఆకలితో మాడటాన్ని మెచ్చుకునే పోస్టుల్ని 2012లోనే టంబ్లర్, పింటరెస్ట్, ఇన్‌స్టాగ్రామ్ నిషేధించాయి. దాంతో దొరక్కుండా పదాల్లో అక్షరాలు మార్చి రాయడం మొదలైంది. వంటల పేరు పెట్టుకున్నదాన్ని ఎవరు ఆపుతారు? ఒక తక్కువ నూనె ఉప్మా వీడియో పూర్తిగా చూస్తే దాని తర్వాత ఇంకా తక్కువది వస్తుంది, దాని తర్వాత ఒక రోజంతా నేను ఏం తిన్నానో చూడండి అని ఒకమ్మాయి వస్తుంది. చెల్లెలు మొదట వెతికింది మొటిమలు తగ్గే తిండి కోసం. అక్కడినుంచి ఎనిమిది నెలలు.

జబ్బు పేర్లు, మనం పట్టించుకోనివి

వైద్యులు గుర్తించిన ఆహార రుగ్మతలు చాలా ఉన్నాయి. తిండి బాగా తగ్గించేసి, బరువు పెరుగుతుందన్న భయంతో, తన ఒంటిని ఉన్నది ఉన్నట్టు చూడలేకపోవడం అనొరెక్సియా నెర్వోసా. మానసిక వ్యాధుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. అదుపు లేకుండా తిని తర్వాత కక్కేయడం, విరేచనాల మందులు వాడటం, లేదా అతిగా వ్యాయామం చేయడం బులీమియా. కక్కకపోయినా అదుపు తప్పి తినే బింజ్ ఈటింగ్‌ను 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల్ని వర్గీకరించే తన పుస్తకంలో విడి జబ్బుగా చేర్చింది. శుద్ధమైన తిండి అనే పట్టుదల ముదిరి బతుకును ఆక్రమించడానికి స్టీవెన్ బ్రాట్‌మన్ అనే వైద్యుడు 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు, అది ఇంకా ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

వీటిలో మన ఊళ్ళలో అసలు కనిపించకుండా పోయేది ఒకటుంది: అనొరెక్సియా లక్షణాలన్నీ ఉండి, బరువు మాత్రం మామూలుగానో ఎక్కువగానో ఉండటం. ముందు లావుగా ఉన్న మనిషి చాలా వేగంగా తగ్గితే ఇలా ఉంటుంది. నాడి నెమ్మదించడం, బీపీ పడిపోవడం, లవణాలు తగ్గడం, అన్నీ వీళ్ళకీ వస్తాయి. చెల్లెలికి జరిగింది ఇదే. నెలసరి ఆగిందని పిన్ని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, తూచి చూసి "బరువు సరిగ్గానే ఉందమ్మా, ఇంకో రెండు కిలోలు తగ్గినా మంచిదే" అన్నారట. ఆ ఒక్క మాటతో ఇంకో మూడు నెలలు పోయాయి.

ఇంట్లో కూడా మనం చూడం. శనివారం ఒంటిపూట అంటే భక్తి అనుకుంటాం. కార్తీకమాసం సోమవారాలు, తర్వాత ఇంకో మొక్కు, తర్వాత ఇంకోటి. దేవుడి పేరు చెబితే ఎవరూ ప్రశ్నించరు, ఆ సంగతి జబ్బుకి తెలుసు. ఉపవాసం ఉన్న మనిషి సాయంత్రం దీపం పెట్టి సంతోషంగా తింటుంది, భయంతో ఉన్న పిల్ల అప్పుడు కూడా ఏదో వంక చెబుతుంది, తేడా అక్కడ తెలుస్తుంది. పెళ్ళి సంబంధాల దగ్గర "పిల్ల కొంచెం లావు" అనే మాట, పైడితల్లి పండక్కి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే "ఒళ్ళు చేశావే" అనడం, అదే నోటితో తర్వాత చిక్కితే మెచ్చుకోవడం. మగపిల్లల్లో ఇది జిమ్ పేరుతో, కండలు తేలాలని తిండి తగ్గించే 'కటింగ్' పేరుతో వస్తుంది, వాళ్ళని ఇంకా ఎవరూ అడగరు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చింది వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు. అంతకుముందు 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత, తర్వాత బరువు పెంచుకుని పై విభాగానికి వెళ్ళింది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఊరంతా బరువులెత్తే పిల్లలే. మన జిల్లాల్లో ఆడపిల్ల బరువుకి ఇంకో అర్థం కూడా ఉండేదని నేను చెల్లెలికి చెప్పాను. విభాగం కోసం పోటీ ముందు కిలోలు దింపే ఆటల్లో కూడా ఈ జబ్బు ముప్పు ఎక్కువేనని తనే నాకు చెప్పింది. అదీ నిజమే.

ఇంట్లో అనుమానం వస్తే

1999లో బ్రిటన్ వైద్యులు ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష తయారుచేశారు, ఇప్పటికీ వాడుతున్నారు. కడుపు మరీ నిండిపోయిందని కావాలని కక్కుతున్నావా? ఎంత తింటున్నానో అదుపు లేదని బెంగ ఉందా? ఈ మూడు నెలల్లో ఆరు కిలోల పైన తగ్గావా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా నువ్వు లావనే అనుకుంటున్నావా? తిండే నీ బతుకంతా ఏలుతోందనిపిస్తుందా? రెండిటికి అవునంటే డాక్టరుకి చూపించుకోవాలి. వీటికి నేను చూసిన గుర్తులు కొన్ని కలుపుతాను: పెళ్ళి భోజనాలకి రాకపోవడం, వంట ఇంకొకరు చేస్తే నూనె ఎంత వేశారోనని వంటింట్లోనే నిలబడటం, ఒకరోజు లెక్క తప్పితే మర్నాడు పస్తు ఉండటం, ఎండలో కూడా చలి అనడం, జుట్టు రాలడం, తిన్న వెంటనే బాత్రూముకి వెళ్ళడం. కక్కడం వల్ల పొటాషియం పడిపోతుంది, అది గుండెని ఆపగలదు, అందుకని ఆ ఒక్క గుర్తు కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు.

అడిగేటప్పుడు బరువు మాట ఎత్తొద్దు. "చిక్కిపోయావు" అన్నది కూడా వాళ్ళకి మెప్పులాగే వినిపిస్తుంది. "నాలుగు రోజులుగా నువ్వు మాతో కూర్చోవడం లేదు, నాకు బెంగగా ఉంది" అనొచ్చు. చాలా రోజులు సరిగ్గా తినని మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా బాగా పెట్టెయ్యకూడదు, రక్తంలో ఫాస్ఫేట్ ఒక్కసారి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు చూస్తుండగా మెల్లగా పెంచాలి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే టెలి మానస్‌కి, 14416కి, ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. పిన్ని రాత్రి పదకొండింటికి చేసింది. వాళ్ళు చెప్పాకే విశాఖలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళారు.

టీనేజీ పిల్లలకి బాగా పనిచేస్తుందని తేలిన పద్ధతుల్లో ఒకటి లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో మొదలైంది, అందులో కొన్నాళ్ళు తిండి నిర్ణయాలు తల్లిదండ్రులే తీసుకుంటారు, ప్రతి పూటా పక్కన కూర్చుంటారు. పిల్ల మీద నేరం మోపరు, తల్లి మీదా మోపరు. మా చెల్లెలు కొంచెం పెద్దదే అయినా ఆ డాక్టరు ఇంచుమించు అదే చెప్పారు. పిన్ని తను పనిచేసే చోట మధ్యాహ్నం గంట సెలవు అడిగి ఇంటికి వచ్చేది. ముద్దపప్పు, అన్నం, నెయ్యి. మొదటి నెల ఒక్కో పూట గంటన్నర పట్టేది, ఏడుపులు, అరుపులు, పళ్ళెం నెట్టెయ్యడం. కాటా తీసి బీరువాలో పెట్టారు. తనూ అలాంటి ఒక వంటల గ్రూపులోనే ఉండేది, అందులోంచి తనే బయటికి వచ్చింది. అందులో ఇంకో అమ్మాయికి మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తూ ఉంటుంది, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

ఈ సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. వంటింట్లో పిన్నీ నేనూ ఉన్నాం, తను హాల్లో పిల్లలతో గాలిపటాలకి దారం కడుతోంది. కనుమ నాడు అందరితో పాటు వరసలో కూర్చుని సగం అరిసె తింది, తర్వాత లేచి గదిలోకి వెళ్ళిపోయింది. పిన్ని వెనకే వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంది. అరగంటకి ఇద్దరూ వచ్చారు, పెరుగన్నం కలిపి పెడితే తింది. వచ్చే నెల మొదటి వారంలో మళ్ళీ విశాఖ వెళ్ళాలి.